రాబోవు కూర్పులు

ఉగాదినాడు పంచాంగశ్రవణము మనకు తరతరములుగ వచ్చుచున్న ఆచారము. ఆ యేటికి రాజెవరో, మంత్రి యెవరో, తన రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విని యింటికి పోవుట మన పెద్దలకు వేడుక. ఫలము తప్పిన యేట కూడ సిద్ధాంతిని నిలవదీసినవారు లేరు. మరుసటి ఉగాదికి మరల అదే అరుగుమీద కూర్చుండి వినుటయే వాడుక. ఈ కాలమున దీనికి తోడుగ రెండవ పంచాంగ మొకటి ప్రబలినది. చేతిలోని స్మార్ట్‌ఫోనునకును, బల్లపైని కంప్యూటరునకును రాబోవు సాఫ్ట్‌వేరు కూర్పులో ఏ వింతలుండును, ఏ దినమున వచ్చును, ఎవరి యంత్రమునకు వచ్చును, ఎవరి దానికి రాదు అను ఊహాగానమే ఆ పంచాంగము. పట్టణమున కళాశాల విద్యార్థి మొదలు, పల్లెలో ధాన్యపు ధరను ఫోనులో చూచుకొను రైతు వరకు, దీనిని ఏదో యొక రూపమున వినని వారరుదు.

ఈ పంచాంగమునకును తిథులు కలవు. సాధారణముగ మే నెలలో గూగుల్ వారి సభ, జూన్ నెలలో ఆపిల్ వారి సభ జరుగును. జూన్ సభలో చూపిన ఐఫోను కూర్పు సెప్టెంబరున ప్రజలకు విడుదల యగుట ఆనవాయితీ. మైక్రోసాఫ్ట్ వారు 2003 అక్టోబరు మొదలు ప్రతి నెలయందును రెండవ మంగళవారమును తమ రక్షణ మరమ్మతులకు ముహూర్తముగ నియమించుకొనిరి. మంగళవారము శుభకార్యమునకు తగదని మనవారందురు. సోమవారపు చిక్కులు తీరిన పిదప, వారాంతమునకు ముందు సవరించుకొనుటకు వ్యవధి మిగులునని వారికి అదియే శుభదినమైనది. ఈ తిథులకు ముందు రెండు మూడు మాసములు వదంతులకు మంచి పంటకాలము.

ఈ వదంతులన్నియు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. క్రొత్త కూర్పు ప్రజలకు చేరుటకు ముందు దాని పచ్చిరూపమును, బీటా యను పేరున, అప్లికేషనులు వ్రాయు పనివారికి ఇత్తురు. ఆ బీటాను విప్పి, అందలి మాటలను, బొమ్మలను, ఇంకను తెరవని మీటలను పరిశీలించి రాబోవు సౌకర్యములను పసిగట్టు నిపుణులు కలరు. సంస్థల లోపలి వారి నోట మరికొంత బయటికి పొక్కుచుండును. ఇంతవరకు ఇది నారుమడిని చూచి పంటను ఊహించుట వంటిది. కాని నాటిన నారంతయు వెన్ను తీయదు. బీటాలో కనబడిన సౌకర్యము విడుదలకు ముందే తొలగిపోవచ్చును. ఒక దేశమున వచ్చి మరియొక దేశమున రాకపోవచ్చును. క్రొత్త ఫోనునకు దక్కి పాత ఫోనునకు దక్కకపోవచ్చును. వదంతి మోసుకొని వచ్చువాడు ఈ భేదములను చెప్పడు, వినువాడు అడుగడు.

నిజమైన వదంతికిని, కల్లయైన వదంతికిని ఇటీవలి చరిత్రలోనే నిదర్శనములున్నవి. ఆపిల్ వారు తమ కూర్పుల సంఖ్యను 18 నుండి ఒక్క గంతున 26నకు పెంచి, సంవత్సరమును బట్టి పేరిడనున్నారని బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థ 2025 మే నెలలో ప్రకటించెను. జూన్ 9న జరిగిన సభలో ఆ మాట అక్షరాల నిజమయ్యెను. ఇక రెండవ వైపు చూడుడు. 2015లో మైక్రోసాఫ్ట్ వారి సభయందు ఆ సంస్థ ఉద్యోగి యొకరు విండోస్ 10 కడపటి విండోస్ అని పలికిరి. లోకము దానిని వేదవాక్యముగ గ్రహించెను. ఆరేండ్లు గడచినవి, 2021 అక్టోబరు 5న విండోస్ 11 విడుదలయ్యెను. అటుపిమ్మట 2024లో విండోస్ 12 తప్పక వచ్చునని పలువురు వ్రాసిరి. ఆ యేడు వచ్చినది విండోస్ 11లోనే 24హెచ్2 అను కూర్పు. వెలుపలివారు చెప్పినది నిజమై, లోపలివారు చెప్పినది తప్పిపోయిన ఈ చరిత్రను చూచిన పిదప, ఎవరి జోస్యమును నమ్మి ఎవరు సొమ్ము వెచ్చింపవలయును?

ఒక చిన్న ముచ్చట ఇక్కడ చెప్పదగియున్నది. ఆండ్రాయిడు కూర్పులకు పూర్వము ఆంగ్లాక్షరక్రమమున మిఠాయిల పేర్లు పెట్టుచుండిరి. 2016లో 'ఎన్' అను అక్షరము వంతు రాగా, పేరు సూచింపుడని గూగుల్ వారు ప్రజలనే కోరిరి. కేరళీయులు తమ నెయ్యప్పమునకు ఆ గౌరవము దక్కవలెనని ఉత్సాహముతో ప్రచారము సాగించిరి. కడకు నిలిచినది నూగట్ అను పాశ్చాత్యుల మిఠాయి. 2019లో ఆండ్రాయిడు 10 వచ్చుసరికి మిఠాయి పేర్లతో ప్రకటించు ఆచారమే నిలిచిపోయినది. నెయ్యప్పము ఓడిపోయినందుకు మేము విచారింపము. కూర్పునకు ఏ పేరు పెట్టవలెనని మనల నడిగినవారు, ఆ కూర్పు నడుపు ఫోనును ఎన్నేండ్లు కాపాడుదురో ఆనాడు మనకు చెప్పలేదు, మనమును అడుగలేదు. మా విచారమంతయు దీనిని గూర్చియే.

రాబోవు కూర్పులో ఏమి వచ్చును అనునది వినోదమునకు చాలిన ప్రశ్న. సొమ్మిచ్చి ఫోను కొన్నవాడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. అది నా ఫోనునకు వచ్చునా? ఎన్నేండ్ల వరకు వచ్చును? వచ్చినది నాకు నచ్చనిచో, వలదనుటకు నాకు అధికారము కలదా? ఈ మూడు ప్రశ్నలకును జవాబు వదంతిగ వినవలసినది కాదు. అది అమ్మకపు పత్రముమీద అచ్చు కావలసిన మాట. ఎద్దును కొనునపుడు పండ్లు చూచుదుము. పొలమును కొనునపుడు అడంగలు, హద్దులు, నీటిపారుదల చూచుదుము. నేడు మన బ్యాంకు ఖాతా, మన ఆధారు, మన భూమి రికార్డుల నకలు, మన పిల్లల చదువు ఇమిడియున్న యంత్రమును మాత్రము రంగును చూచి, కెమెరాను చూచి, వదంతిని విని కొనుచున్నాము.

అప్‌డేటు అనునది విలాసమని తలంచువారు మనలో ఇంకను పెక్కుమంది కలరు. వారికి మేము చెరువుకట్టను జ్ఞప్తికి దెచ్చుచున్నాము. కట్టవేసినవాడు ఎంత నిపుణుడైనను, కాలక్రమమున ఎలుకలు బొరియలు చేయును, వానకు మన్ను జారును, ఒకనాడు గండి పడును. యేటేట మరమ్మతు చేయు గ్రామమునకే చెరువు దక్కును. సాఫ్ట్‌వేరు కూడ అట్టిదే. కోట్లకొలది పంక్తుల వ్రాతలో లోపములుండక తప్పదు. దొంగలు వానిని వెదకుచునేయుందురు. కనుగొన్న బొరియను పూడ్చుటయే రక్షణ అప్‌డేటు. తెరమీది రంగులను మార్చి, బొమ్మలకు మెరుగులు దిద్ది, క్రొత్త విద్యలను చేర్చునది వేరొక జాతి అప్‌డేటు. మొదటిది మరమ్మతు, రెండవది అలంకారము. వదంతులన్నియు అలంకారమును గూర్చియే పుట్టును. మన క్షేమము మరమ్మతుపైని ఆధారపడియున్నది.

ఈ మరమ్మతు మన భాషకు ఎంత సన్నిహితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. తెలుగు 'జ్ఞా' అక్షరము, కంటికి కనబడని ఒక సంకేతముతో కూడి సందేశమున వచ్చినపుడు, ఐఫోనులో దానిని చూపబోయిన అప్లికేషను కుప్పగూలుచుండెను. ఆపిల్ వారి కంప్యూటరులకును, చేతి గడియారములకును అదే గతి పట్టినది. తప్పు అక్షరములో లేదు. సంయుక్తాక్షరములను కూర్చి చూపవలసిన సాఫ్ట్‌వేరులో నున్నది. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమును జూచి యంత్రము మూర్ఛపోయినదని దేశదేశముల వారు నవ్వుకొనిరి. ఆ నెల 19వ తేదీన 11.2.6 అను చిన్న కూర్పు విడుదలయై లోపము తీరినది. అది వచ్చునని మాసముల తరబడి ఊహాగానము చేసినవారెవరును లేరు. దానికి వేదికపైని ప్రదర్శనము లేదు, చప్పట్లు లేవు. తెలుగువానికి ఆ యేటి అప్‌డేటులన్నింటిలోను అంతకంటె విలువైనది మరియొకటి కలదని మేము తలంపము.

మరియొక నిదర్శనము. మన పూర్వుల వ్రాతలలోను, పాత అచ్చు పుస్తకములలోను నకారపొల్లునకు ప్రత్యేకరూప మొకటి కలదు. కంప్యూటరులకు అక్షరసంఖ్యలను నిర్ణయించు యూనికోడు ప్రమాణమున అది 2021 సెప్టెంబరు నాటి 14.0 కూర్పుతోనే చోటు సంపాదించినది. ఒక గ్రంథమును యథాతథముగ ఎత్తివ్రాయు పండితుడు నేడు ఆ యక్షరమును వాడవచ్చును. కాని చదువువాని ఫోనులోని అక్షరరూపములు అంతకుముందటివైనచో, పొల్లు ఉండవలసిన చోట ఖాళీ గడి యొకటి మాత్రమే కనబడును. అప్‌డేటు నిలిచిపోయిన ఫోను తన భాషలో వ్రాసినదానిని కూడ పూర్తిగ చదువలేదని దీని భావము.

మరమ్మతు జరుగనిచో నష్టమెట్టిదో 2017 మే నెలలో చూచితిమి. ఆ నెల 12న వాన్నాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు లోకమును చుట్టుముట్టినది. సుమారు నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటరులలోని పత్రములకు తాళము వేసి, తీయుటకు లంచమడిగినది. బ్రిటనులో ఆసుపత్రుల పని నిలిచినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ వారి కంప్యూటరులును కొన్ని దానివాత బడినవి. విచిత్రమేమన, అది చొరబడిన బొరియను పూడ్చు అప్‌డేటును మైక్రోసాఫ్ట్ వారు మార్చి 14ననే విడుదల చేసియుండిరి. రెండు మాసముల వ్యవధి చిక్కినను పూడ్చుకొననివారును, పోషణ ముగిసిన పాత విండోసులు వాడువారును అపాయమున నుండిరి. 2014లో పోషణ ముగించిన విండోస్ ఎక్స్‌పీకి కూడ ఆ విపత్తులో ప్రత్యేకముగ మరమ్మతు విడుదల చేయవలసివచ్చినది. ఇంటిలో ఒకని అశ్రద్ధ వలన వీధి యంతయు కాలుట వంటిది ఇది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, వచ్చిన ప్రతి అప్‌డేటును కన్నులకద్దుకొని స్వీకరింపవలెనని మేము చెప్పుచున్నామని యెవరును తలంపకుందురు గాక. మరమ్మతునకు వచ్చినవాని చేతిలోనే ఇంటి తాళపుచెవులున్నవి. 2017 జనవరిలో ఆపిల్ వారు పంపిన అప్‌డేటు, బ్యాటరీ అరిగిన కొన్ని పాత ఐఫోనులు హఠాత్తుగ ఆరిపోకుండుటకై వాని వేగమును తగ్గించినది. ఉద్దేశము మంచిదే యైయుండవచ్చును. కాని ఆ మాటను కొనుగోలుదారులకు స్పష్టముగ చెప్పలేదు. ఫోను ముసలిదైనదని తలంచి క్రొత్తది కొన్నవారెందరో! బ్యాటరీ మార్చిన చాలునని వారికి తెలియదు. ఆ యేడు డిసెంబరున సంస్థ దీనిని ఒప్పుకొని క్షమాపణ చెప్పవలసివచ్చినది. వినియోగదారులకు తెలుపనందుకు ఫ్రాన్సు ప్రభుత్వశాఖ 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించినది. మన దేశమునను 2025 జనవరిలో, ఐఓఎస్ 18 తరువాత ఐఫోనులు సరిగ పనిచేయుట లేదను ఫిర్యాదులపైని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆపిల్ వారికి నోటీసు పంపినది.

ఒక్కొక్కప్పుడు మరమ్మతే గండి యగును. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేటు వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటరులు ఒక్కసారిగ స్తంభించినవి. విమానములు నిలిచినవి, బ్యాంకులు, ఆసుపత్రులు తడబడినవి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన ప్రవేశపత్రములు ఇచ్చిరి. దొంగలనుండి కాపాడుటకై నియమించుకొన్న కావలివాడే తలుపునకు అడ్డముగ పడిపోయిన వైనమిది. ఒకే గడియలో లోకమునకంతకును పంపుట కంటె కొందరికి ముందు పంపి, క్షేమము చూచి మిగిలినవారికి పంపుట శ్రేయమని అందరికిని బోధపడినది.

సంస్థలకే కాదు, ప్రభుత్వములకును ఈ ద్వారము కనబడినది. సంచార్ సాథీ అను అప్లికేషనును క్రొత్త ఫోనులన్నింటిలో ముందే అమర్చవలెనని కేంద్ర టెలికాంశాఖ 2025 నవంబరు 28న ఫోను కంపెనీలను ఆదేశించినది. అప్పటికే తయారై అంగళ్లకు చేరిన ఫోనులలోనికి అప్‌డేటు మార్గమున పంపవలెనని అందు కోరిరి. దొంగిలిన ఫోనులను పట్టుకొనుటకును, మోసములను అరికట్టుటకును అది ఉపకరించునని ప్రభుత్వవాదము. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని దేశమున పెద్ద ఆందోళన చెలరేగినది. డిసెంబరు 3న నిర్బంధమును ఉపసంహరించుకొనిరి. ఆ అప్లికేషను మంచిదా చెడ్డదా అనునది అటుంచుడు. కొన్న వస్తువులోనికి కొన్నవాని యనుమతి లేక మరియొకరు ప్రవేశింపవచ్చునా అనునది ప్రశ్న. కూడదని ప్రజలు చెప్పిరి, ప్రభుత్వము వినినది. ప్రభుత్వమునకు చెల్లిన న్యాయము సంస్థలకును చెల్లవలదా?

ఇక పోషణ ముగియుట. 2025 అక్టోబరు 14న విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారు సాధారణ పోషణను నిలిపివేసిరి. విండోస్ 11 కావలెనన్న టీపీఎం 2.0 అను రక్షణభాగమును, వారు జాబితాలో చేర్చిన ప్రాసెసరును ఉండవలయును. 2017కు పూర్వపు ప్రాసెసరులు దాదాపుగ ఆ జాబితాలో లేవు. అందువలన చక్కగ పనిచేయుచున్న కంప్యూటరులెన్నో ఒక్కనాటితో అనాథలైనవి. అడిగినవారికి మరియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వరకు, రక్షణ మరమ్మతులు ఇత్తుమని ప్రకటించిరి. అందుకు ముప్పది డాలర్లు చెల్లింపవలెను, లేదా వారి పాయింట్లు వ్యయము చేయవలెను, లేదా తన కంప్యూటరు అమరికలను వారి క్లౌడులో దాచుకొనుటకు ఒప్పుకొనవలెను. కాని ఐరోపా ఆర్థికమండలమువారు గట్టిగ అడిగినందున, అక్కడివారికి ఆ షరతు లేకుండ ఉచితముగ ఇచ్చిరి. కంప్యూటరు ఒకటే, సాఫ్ట్‌వేరు ఒకటే, బొరియ ఒకటే. అడిగినవానికి ఒక న్యాయము, అడుగనివానికి మరియొక న్యాయము. ఇందు సంస్థను నిందించుట కంటె మనము నేర్చుకొనవలసిన పాఠమే ఎక్కువ.

ఫోనుల విషయమున ఆలస్యమునకు కారణము లేకపోలేదు. ఆండ్రాయిడు మూలమును గూగుల్ వారు సిద్ధపరుతురు. దానిని తమ చిప్పులకు అనుగుణముగ చిప్పులు చేయువారు మార్చుకొనవలెను. పిమ్మట ఫోను కంపెనీవారు తమ హంగులు చేర్చి పరీక్షింపవలెను. కాలువ తలదగ్గర నీరు వదలినను, చివరి పొలమునకు చేరుటకు వారములు పట్టును. ఒక్కొక్కప్పుడు చేరనే చేరదు. ఈ చిక్కును తగ్గించుటకై 2017లో ట్రెబుల్ అను ఏర్పాటుతో గూగుల్ వారు మూలమును, చిప్పునకు సంబంధించిన భాగమును వేరుచేసిరి. అది సాధ్యపడినదనుటకు ఫలితము లోకమునకు కనబడినది. రెండు మూడేండ్లు పోషించుటయే గొప్ప యనుకొను రోజులు పోయి, 2023 అక్టోబరున పిక్సెల్ 8నకు గూగుల్ వారును, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24నకు శాంసంగ్ వారును ఏడేండ్ల అప్‌డేటులు వాగ్దానము చేసిరి. ఏడేండ్లు సాధ్యమైనపుడు, ఇన్నాళ్లు రెండేండ్లకే చేతులెత్తుట అసాధ్యత వలన కాదు, అశ్రద్ధ వలననే యని తేలినది. అయితే ఆ వాగ్దానములు ఖరీదైన ఫోనులతో ఆరంభమైనవి; మన రైతు, మన గుమాస్తా కొనునవి అవి కావు.

పరదేశముల ప్రభుత్వములు దీనిని కనిపెట్టినవి. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము, ఇంటర్నెట్టునకు తగులు వస్తువును అమ్మువారు ఎంతకాలము రక్షణ అప్‌డేటులు ఇత్తురో ముందే ప్రకటింపవలెను. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలైన నియమము, స్మార్ట్‌ఫోను అమ్మకము నిలిపిన నాటినుండి కనీసము ఐదేండ్లపాటు అప్‌డేటులు అందుబాటులో నుండవలెనని చెప్పుచున్నది. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వస్తువు యొక్క గుణమును, ప్రమాణమును, ధరను తెలిసికొను హక్కును కొనుగోలుదారునికి ఇచ్చినది. 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కునకై కేంద్ర ప్రభుత్వము ఒక వెబ్‌సైటును తెరచినది. పునాది పడినది, గోడ లేవవలెను. తెర పగిలినపుడు మార్పించుకొను హక్కు ఎట్టిదో, బొరియ పడినపుడు పూడ్పించుకొను హక్కును అట్టిదే.

చవుక ఫోనులకు ఇంత భారము మోపిన ధర పెరుగునని కంపెనీలవారు చెప్పవచ్చును. మేము ఆ వాదమును త్రోసిపుచ్చము. చవుకయైనదానికి తక్కువ గడువే యుండనిండు. ఆ గడువు ఎంతయో పెట్టెమీద అచ్చు వేయుడని మాత్రమే మా కోరిక. పండ్రెండువేల రూపాయల ఫోనునకు రెండేండ్ల పోషణయని వ్రాసియుండి, ఇరువదియొక్కవేల ఫోనునకు ఏడేండ్లని వ్రాసియున్నచో, మొదటిది యేటికి ఆరువేలును, రెండవది మూడువేలును పడునని లెక్కకట్టుకొనుటకు మన రైతుకు పట్టభద్రుల సహాయమక్కరలేదు. ఆ లెక్కకు కావలసిన అంకె యొక్కటే నేడు పెక్కు పెట్టెలమీద లేదు. కల్తీలేని ఎరువునకు సంచిమీద పాళ్లు వ్రాయవలెనను నియమము ఎట్టిదో, మందుసీసాపైని గడువుతేదీ ఎట్టిదో, ఇదియు అట్టిదే.

కాబట్టి మన ప్రభుత్వమును మేము నాలుగు విషయములు కోరుచున్నాము. మొదటిది, రక్షణ అప్‌డేటులు ముగియు తేదీ పెట్టెమీదను, రసీదుమీదను తప్పక ఉండవలెను. రెండవది, మరమ్మతును అలంకారముతో ముడిపెట్టరాదు. తెర రూపు మార్చుకొనుటకు ఇష్టపడనివానికి కూడ బొరియలు పూడ్చి యీయవలెను. మూడవది, పెద్ద కూర్పు వేసికొనిన పిదప ఫోను మందగించినచో, కొంత వ్యవధిలోపల పాతదానికి మరలిపోవు వీలుండవలెను. నాలుగవది, మన దేశమున అమ్ము ఫోనుల క్రొత్త కూర్పులను మన లిపులలో పరీక్షించియే విడుదల చేయవలెను. 'జ్ఞా' కథ మరల జరుగరాదు.

ప్రభుత్వము చేయువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట మనకు తగదు. కొనునపుడు అంగడివానిని గడువు అడుగుడు. అతనికి తెలియనిచో కంపెనీ వారి ప్రకటన చూపుమనుడు. పదిమంది అడిగిన పిదప పదునొకండవ వానికి అడుగకయే చెప్పుదురు. చిన్న రక్షణ అప్‌డేటు వచ్చినపుడు వాయిదా వేయకుడు. పెద్ద కూర్పు వచ్చినపుడు తొందరపడక, కొన్ని దినములు ఇతరుల అనుభవమును విని, ఫోటోలను, పత్రములను వేరొకచోట దాచుకొని, పిమ్మట వేసికొనుడు. పోషణ ముగిసిన ఫోనులో బ్యాంకు వ్యవహారము నడుపకుడు. అన్నింటికంటె ముఖ్యముగ, రాబోవుదానిని నమ్మి కొనకుడు. 2024 జూన్ సభలో ఆపిల్ వారు మన విషయములెరిగి మెలగు క్రొత్త సిరిని చూపిరి. దానిని నమ్మి ఆ యేటి ఐఫోను కొన్నవారు కలరు. 2025 మార్చిలో అది ఆలస్యమగునని సంస్థయే ప్రకటించినది. నేడు చేతిలోనున్నది నేటి ధరకు తగినదా కాదా అనునదే కొనువాడు చూడవలసినది.

2009లో అదే సంస్థ స్నో లెపర్డ్ అను కంప్యూటరు కూర్పును ప్రకటించుచు, ఇందు క్రొత్త సౌకర్యములు సున్న యని తెరమీద చూపగా సభికులు చప్పట్లు చరచిరి. పాతదానినే గట్టిపరచి, వేగపరచి యిచ్చుట కూడ కానుకయేనని ఆ సభికులు ఎరుగుదురు. మన ప్రజలును ఆ వివేకమును అలవరచుకొన్ననాడు, వదంతుల పంచాంగమునకు వినువారు తగ్గి, గడువు తేదీ అడుగువారు పెరుగుదురు. రాబోవు కూర్పు ఎట్టిదైనను కానిండు. కొన్నదానిని కడవరకు కాపాడుదుమను మాట లిఖితపూర్వకముగ ముందు రానిండు. అడిగినవారికి ఐరోపాలో దక్కినది, అడిగినచో మనకును దక్కునని మేము విశ్వసించుచున్నాము.